2010 'కరాటే కిడ్' రీమేక్ ఎందుకు నిరాశపరిచింది: తరచుగా అడిగే ప్రశ్నలు

1984 నాటి 'ది కరాటే కిడ్' అంటే నాకు ప్రాణం. ఆ సంగతి తెలిసినవాళ్లు 2010లో వచ్చిన రీమేక్ గురించి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. "అంత బాగుంది కదా, నీకెందుకు నచ్చలేదు?" అన్నది అందరూ వేసే ప్రశ్న. ఒకే జవాబు ఎన్నిసార్లు చెప్పాలి, అన్నీ ఒకచోట రాసిపెడితే సరిపోతుంది అనిపించి ఈ పేజీ రాస్తున్నాను. రెండు సినిమాల ముగింపులూ ఇందులో ఉన్నాయి. చూడనివాళ్లు ముందు సినిమాలు చూసి రండి.

రెండు కథలూ ఒకటేనా?

అస్థిపంజరం ఒకటే. 1984 సినిమాలో డేనియల్ లరూసో అనే కుర్రాడు తల్లితో కలిసి న్యూజెర్సీ నుంచి లాస్ ఏంజెలెస్‌లోని రెసీడాకి వస్తాడు. కోబ్రా కాయ్ అనే కరాటే స్కూల్ కుర్రాళ్లు అతన్ని చావగొడతారు. అపార్ట్‌మెంట్‌లో కుళాయిలు, కరెంటు రిపేర్లు చేసే మియాగీ అనే పెద్దాయన అతన్ని కాపాడి, కరాటే నేర్పి, పోటీకి పంపుతాడు. దర్శకుడు జాన్ ఎవిల్డ్‌సన్ అంతకుముందు 'రాకీ' తీసి ఆస్కార్ అందుకున్నారు.

2010లో అదే కథను డెట్రాయిట్ నుంచి బీజింగ్‌కు పట్టుకెళ్లారు. కుర్రాడు డ్రే పార్కర్‌గా జేడెన్ స్మిత్, రిపేర్లు చేసే మిస్టర్ హాన్‌గా జాకీ చాన్, తల్లిగా తరాజీ హెన్సన్ చేశారు. దర్శకుడు హెరాల్డ్ జ్వార్ట్. మొదటి సినిమా తీసిన జెర్రీ వైన్‌ట్రాబ్ దీనికీ ఒక నిర్మాత. విల్ స్మిత్ దంపతులు కూడా నిర్మాతలే.

సినిమా పెద్ద హిట్ కదా, నిరాశ ఎక్కడిది?

హిట్టే, కాదనను. సుమారు 4 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతటా 35 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. రోజర్ ఈబర్ట్ లాంటి పెద్ద విమర్శకుడు కూడా మెచ్చుకున్నారు. ఆయన రాసింది నేనూ చదివాను, ఆయన మెచ్చుకున్న వాటిలో కొన్ని నాకూ నచ్చాయి.

కానీ డబ్బులు రావడం వేరు, మూలకథకు న్యాయం చేయడం వేరు. ఇది చెడ్డ సినిమా అయ్యుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు, చూసి మర్చిపోయేవాణ్ణి. మంచి నటులున్నారు, కెమెరా పనితనం ఉంది, కావలసినంత డబ్బుంది. ఇన్ని ఉండి కూడా మొదటి సినిమాకు ప్రాణమైన విషయాన్ని పట్టుకోలేదు. నా నిరాశంతా అక్కడే.

ఏమిటా ప్రాణం? 'వ్యాక్స్ ఆన్, వ్యాక్స్ ఆఫ్' బదులు జాకెట్ పెట్టారు, అంతే కదా?

అంతే కాదు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మియాగీ డేనియల్ చేత ఏం చేయించాడో గుర్తు తెచ్చుకోండి. మొదటిరోజు వరసగా నిలబెట్టిన పాత కార్లకు మైనం పట్టించాడు. కుడిచేత్తో గుండ్రంగా పూయడం ('వ్యాక్స్ ఆన్'), ఎడమచేత్తో గుండ్రంగా తుడవడం ('వ్యాక్స్ ఆఫ్'). తర్వాత పెరట్లోని చెక్క నేలంతా గరుకు కాగితంతో రుద్దించాడు. ఆ తర్వాత కంచె మొత్తానికి రంగు, మణికట్టు పైకీ కిందికీ. చివరికి ఇంటికి రంగు, చెయ్యి ఈ పక్క నుంచి ఆ పక్కకి. కుర్రాడు ఇంటికి రంగు వేస్తున్న రోజు మియాగీ చీటీ రాసిపెట్టి చేపలు పట్టడానికి వెళ్లిపోతాడు! రాత్రికి గాలం, చేపలతో తిరిగొస్తాడు.

అప్పుడు పేలతాడు డేనియల్. నాలుగు రోజులుగా నా చేత వెట్టిచాకిరీ చేయించుకుంటున్నావు, ఒక్క ముక్క నేర్పలేదు అని అరిచి వెళ్లిపోబోతాడు. ఆ కోపంలో న్యాయం ఉంది. చూస్తున్న మనకీ అదే అనుమానం. ముసలాయన నిజంగానే వాడుకుంటున్నాడేమో! ఎందుకంటే కార్లు నిజంగా మెరుస్తున్నాయి, కంచె నిజంగా కొత్తదైపోయింది. పని జరిగింది.

మియాగీ వెనక్కి పిలుస్తాడు. డేనియల్ భుజం పైకి లేవడం లేదు. మియాగీ రెండు చేతులూ గట్టిగా చరిచి, రుద్ది, ఆ వేడిని భుజానికి పట్టిస్తాడు. మైనం పట్టిన తీరు చూపించమంటాడు. చేతిని సరిచేస్తాడు, మళ్లీ చూపించమంటాడు. ఆ తర్వాత ఒక్కసారిగా గుద్దు విసురుతాడు. డేనియల్ చెయ్యి దానంతటదే లేచి అడ్డుకుంటుంది. ఇంకో గుద్దు, ఒక తన్ను, మళ్లీ గుద్దులు, అన్నిటికీ అడ్డు పడిపోతుంది. కుర్రాడి మొహం చూడాలి అప్పుడు. వాడికి తెలియకుండానే ఒంటికి విద్య వచ్చేసింది. రేపు రమ్మని చెప్పి మియాగీ లోపలికి వెళ్లిపోతాడు. డేనియల్ ఆ చీకట్లో ఒక్కడే నిలబడిపోతాడు.

ఇక రీమేక్ సంగతి. జాకెట్ విప్పు, కొక్కేనికి తగిలించు, తియ్యి, వేసుకో, విప్పు, కింద పడెయ్యి, ఎత్తు, మళ్లీ తగిలించు. రోజుల తరబడి ఇదే. దీనికి ముందు ఒక కారణం పెట్టారు, అది మంచి కారణమే. డ్రే ఇంట్లో జాకెట్ ఎక్కడబడితే అక్కడ పడేస్తాడు, తల్లి ఎన్నిసార్లు చెప్పినా వినడు, హాన్ అది చూస్తాడు. తల్లిని గౌరవించడం నేర్పుతూ కుంగ్‌ఫూ నేర్పడం అన్న ఆలోచనలో తప్పు లేదు. మనం చేసే ప్రతి పనిలోనూ, మనుషులతో నడుచుకునే తీరులోనూ కుంగ్‌ఫూ ఉంటుందని హాన్ చెప్పే మాట కూడా బాగుంటుంది.

కానీ ఆ కొక్కెం మీద జాకెట్ వెయ్యిసార్లు తగిలించినా లోకంలో ఏ పనీ జరగలేదు. అది కసరత్తు అని మొదటి క్షణం నుంచీ కనిపిస్తూనే ఉంది. గురువు మోసం చేస్తున్నాడేమో అన్న అనుమానానికి చోటు లేదు, ఈ పిచ్చి ఎన్నాళ్లు అన్న విసుగు ఒక్కటే ఉంది. అనుమానం ఎంత లోతుగా ఉంటే నమ్మకం అంత గట్టిగా కుదురుతుంది. అనుమానం తీసేశాక రహస్యం బయటపడే సీన్‌లో మిగిలింది చేతుల నేర్పు మాత్రమే. మనవాళ్లు నేల విడిచి సాము అంటారు. ఇక్కడ జరిగింది అక్షరాలా అదే. నేల రుద్దే సాము వదిలేసి గాల్లో సాము చేశారు.

చిన్నప్పుడు మా ఊళ్లో ఆదివారం పూట స్కూల్ గ్రౌండ్‌లో కరాటే క్లాసు జరిగేది. క్లాసుకు ముందు గ్రౌండ్‌లో రాళ్లు ఏరడం మా పని. మాస్టారు చెప్పులు విప్పి అటూ ఇటూ నడిచి చూసేవారు. కాలికి రాయి తగిలితే మళ్లీ ఏరాల్సిందే. నడుం వంచి ఏరాలి, కూర్చోకూడదు. మూడు నెలల తర్వాత గుర్రపు స్వారీ భంగిమలో అరగంట నిలబెట్టినప్పుడు మా తొడలు వణకలేదు. ఆ రాళ్ల సంగతి అప్పుడు అర్థమైంది. మియాగీ సీన్ చూసిన ప్రతిసారీ నాకు ఆ గ్రౌండే గుర్తొస్తుంది.

గురువు దుఃఖం రెండింటిలోనూ ఉంది కదా? జాకీ చాన్ ఏడ్చే సీన్‌కు నాకు కన్నీళ్లు ఆగలేదు.

నాకూ ఆగలేదు. హాన్ తన ఇంట్లో ఒక కారును ఏడాదంతా బాగుచేస్తాడు, ఏడాదికొకసారి ఒక రాత్రి సుత్తితో బద్దలు కొడతాడు. అతను నడుపుతుండగా జరిగిన ప్రమాదంలో భార్య, కొడుకు పోయారు. జాకీ చాన్ అందులో అద్భుతంగా చేశాడు.

అయినా మియాగీ దుఃఖం వేరు. ఒక రాత్రి డేనియల్ వచ్చేసరికి మియాగీ సైనిక దుస్తుల్లో, తప్పతాగి, పెళ్లిరోజు చేసుకుంటుంటాడు. ఆ మత్తు మాటల్లోంచి, ఇంట్లో దొరికిన కాగితాల్లోంచి డేనియల్‌కు సంగతి తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మియాగీ 442వ రెజిమెంట్‌లో అమెరికా తరఫున యూరప్‌లో పోరాడాడు. అది జపనీస్ అమెరికన్ల దళం. అదే సమయంలో అతని భార్య కాలిఫోర్నియాలోని మాంజనార్ నిర్బంధ శిబిరంలో ప్రసవ సమయంలో చనిపోయింది, బిడ్డ కూడా దక్కలేదు. ఏ దేశం కోసం అతను పోరాడుతున్నాడో ఆ దేశమే అతని భార్యను ముళ్లకంచె వెనక పెట్టింది. డేనియల్ పెట్టెలో ఉన్న మెడల్ ఆఫ్ ఆనర్ చూస్తాడు. ఆయన్ని పడుకోబెట్టి, వెళ్లేముందు మంచం పక్కన నిలబడి వంగి నమస్కరిస్తాడు. అంతవరకూ కరాటే మర్యాదగా చేసిన నమస్కారం అక్కడ నిజమైన నమస్కారం అవుతుంది.

ఆ శిబిరాలు కట్టుకథ కాదు. 1942లో అప్పటి అధ్యక్షుడి ఆదేశంతో సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లను శిబిరాలకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. ప్రభుత్వం చట్టం చేసి క్షమాపణ చెప్పింది 1988లో. అంటే ఈ సినిమా వచ్చిన నాలుగేళ్లకు. కుర్రాళ్ల కోసం తీసిన వేసవి సినిమాలో ఆ మాట ఎత్తడానికి ధైర్యం కావాలి. కథ నెమ్మదిస్తుందని స్టూడియోవాళ్లు ఆ సీన్ తీసేయమన్నారు, ఎవిల్డ్‌సన్ ఒప్పుకోలేదు.

మియాగీ వేషం వేసిన పాట్ మొరీటా చిన్నతనంలో వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి ఆసుపత్రిలో గడిపారు. నడవగలిగాక ఆయన్ను తీసుకెళ్లింది ఇంటికి కాదు, అరిజోనాలోని గీలా రివర్ శిబిరానికి. ఈ పాత్రకు ఆయనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అంతవరకూ ఆయన్ను అందరూ కమెడియన్‌గానే చూసేవారు, ఈ వేషానికి పనికిరాడని నిర్మాత కూడా మొదట అనుకున్నారు.

హాన్ విషయంలో జరిగింది ఒక ప్రమాదం. ఏ ఊళ్లోనైనా, ఏ కాలంలోనైనా జరగొచ్చు. కథను బీజింగ్‌కు తీసుకెళ్లినప్పుడు ఆ వయసు చైనా మనిషి జీవితంలో చరిత్ర తాలూకు గాయం ఎంతో ఉంటుంది. దాని జోలికి పోలేదు. చైనా ప్రభుత్వ సంస్థ చైనా ఫిల్మ్ గ్రూప్ నిర్మాణంలో భాగస్వామిగా ఉన్నప్పుడు పోవడం కష్టమే అనుకోండి.

కుంగ్‌ఫూ నేర్పి కరాటే కిడ్ అని పేరెలా పెట్టారు?

పాత పేరుకు మార్కెట్ ఉంది కాబట్టి. సినిమాలో తల్లి కరాటే అంటుంటే "కాదు, కుంగ్‌ఫూ" అని కుర్రాడే సరిదిద్దుతాడు. చైనాలో మాత్రం 'కుంగ్‌ఫూ కల' అనే అర్థం వచ్చే పేరుతో విడుదల చేశారు.

పేరులో ఏముంది అని కొట్టిపారేయకండి. కరాటే పుట్టింది జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో. దక్షిణ చైనా విద్యల ప్రభావం దాని మీద చాలా ఉంది. మొదట్లో ఆ పేరును 'చైనా చెయ్యి' అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. 1936లో ఒకినావా గురువులు కూర్చుని 'ఖాళీ చెయ్యి' అనే అర్థం ఉన్న అక్షరాలకు ఒప్పుకున్నారు. గోజు-ర్యూ శైలిని స్థాపించిన చోజున్ మియాగీ కూడా అప్పటివారే. పాత సినిమా రచయిత రాబర్ట్ మార్క్ కామెన్ స్వయంగా గోజు-ర్యూ నేర్చుకున్నాయన, మియాగీ అనే పేరు అక్కడి నుంచే తెచ్చుకున్నారు. ఇంత వంశవృక్షం ఉన్న పేరును వేరే విద్య మీద అతికించేశారు. చైనా నుంచి ఒకినావాకు విద్య ఎలా వెళ్లిందో ఒక్క మాటలో చెప్పినా పేరుకు అర్థం దక్కేది.

జేడెన్ స్మిత్ బాగా చేయలేదంటారా?

పిల్లవాణ్ణి అనడానికి నాకు మనసొప్పదు. షూటింగ్ నాటికి వాడికి పదకొండేళ్లు. జాకీ చాన్ స్టంట్ బృందంలోని వూ గాంగ్ దగ్గర నెలల తరబడి కష్టపడ్డాడు, అది తెర మీద కనిపిస్తుంది.

తప్పు ఆ వయసును ఎంచుకున్నవాళ్లది. పాత సినిమాలో డేనియల్‌గా వేసిన రాల్ఫ్ మాచియోకు అప్పటికి 22 ఏళ్లు, చూడటానికి హైస్కూల్ కుర్రాడిలా ఉండేవాడు. ప్రేమ, అవమానం, పేదరికం వల్ల కలిగే సిగ్గు, ఇవన్నీ ఆ వయసుకు అతుకుతాయి. పన్నెండేళ్ల పిల్లాడికి అవే సీన్లు రాస్తే ముద్దు సీన్ దగ్గర మనకే ఇబ్బందిగా ఉంటుంది.

ఫైట్లు మాత్రం రీమేక్‌లోనే బాగున్నాయి. ఒప్పుకుంటారా?

నైపుణ్యం విషయంలో ఒప్పుకుంటాను. విలన్ కుర్రాడు చెంగ్‌గా వేసిన వాంగ్ జెన్‌వేకి విద్య బాగా వచ్చు. పిల్లల గుంపును హాన్ అడ్డుకునే సీన్ చాలా గొప్పగా తీశారు. ఒక్కణ్ణి కూడా కొట్టడు, వాళ్ల దెబ్బలు వాళ్లకే తగిలేలా తిప్పుతాడు. పెద్దవాడు పిల్లల మీద చెయ్యి చేసుకోకుండా ఎలా గెలవాలో ఆలోచించి మరీ తీసిన ఫైట్ అది.

పోటీ దగ్గరికొచ్చేసరికి నాకు నచ్చలేదు. 1984లో అదొక కాలేజీ జిమ్. చెక్క బెంచీల మీద కూర్చున్న జనం, ఎవరు ముందు మూడు పాయింట్లు తెచ్చుకుంటే వాళ్లు గెలిచినట్టు. మన జిల్లా స్థాయి పోటీల్లా ఉంటుంది. రీమేక్‌లో భారీ తెరలు, మెరుపు లైట్లు, ఎముక విరిగినట్టు వినిపించే దెబ్బల శబ్దాలు. పన్నెండేళ్ల పిల్లల్ని అలా కొట్టుకోనిచ్చి స్లో మోషన్‌లో చూపిస్తుంటే నాకు గెలుపు మీద ధ్యాస పోయి, ఎవరైనా ఆపండి అనిపించింది.

పాత సినిమా చివర్లో డేనియల్ గెలిచే ఆ కొంగ కిక్ నిజంగా కరాటేలో ఉందా?

సినిమా కోసం కట్టింది. డారిల్ విడాల్ అనే కరాటే నిపుణుడు దాన్ని తయారుచేశారు, పోటీలో సెమీఫైనల్ ఆడే కుర్రాడిగా కనిపించేది కూడా ఆయనే. ఎగిరి ముందుకు తన్నే కిక్ కరాటేలో ఉంది, ఒంటికాలి మీద చేతులు చాచి నిలబడటం మాత్రం సినిమాది. రీమేక్‌లో దాని బదులు వెనక్కి పల్టీ కొట్టి తన్నే కిక్ పెట్టారు. కొంగ కిక్‌ను మా క్లాసులో ప్రతి ఒక్కడూ ఇంట్లో ప్రయత్నించాడు. పల్టీ కిక్‌ను ప్రయత్నించిన పిల్లాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

కథను చైనాకు మార్చడమే తప్పా?

కాదు, అది మంచి ఆలోచన. భాష రాని ఊళ్లో నల్లజాతి కుర్రాడి ఒంటరితనం మీదే మొత్తం సినిమా నడపొచ్చు. అరగంట తర్వాత ఆ ఊసే ఉండదు. చైనా మహా గోడ మీద సాధన, వూడాంగ్ కొండలు, నిషిద్ధ నగరం వరసగా వస్తాయి, టూరిస్ట్ ప్యాకేజీ తిరిగినట్టు. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమాలో గురుశిష్యులు ఊరికే కూర్చుని మాట్లాడుకునే సమయం పాత సినిమాలో ఉన్నంత లేదు.

తెలుగువాళ్లకు ఈ సినిమాతో ఏం సంబంధం?

నేరుగా ఏమీ లేదు. ఎనభైల్లో సుమన్, భానుచందర్ లాంటి కరాటే నేర్చిన హీరోలు వచ్చాక మన ఊళ్లలో కరాటే మోజు బాగా పెరిగింది. నేను క్లాసులో చేరింది కూడా ఆ గాలికే. కరాటే కిడ్ నాకు ఆ తర్వాత పరిచయమైంది.

పిల్లలకు ముందు ఏది చూపించాలి?

పాతదే. మా అక్క కొడుకు మాత్రం రీమేక్ ముందు చూశాడు, అది వాడికి నచ్చింది కూడా. తర్వాత పాతది నాతో కూర్చుని చూశాడు. మొదటి అరగంట కదులుతూనే ఉన్నాడు. కంచె సీన్ రాగానే "మామయ్యా, అదంతా నిజంగా వేసేశాడా?" అన్నాడు. అవునురా అన్నాను. "మొత్తం?" అన్నాడు. మొత్తం అన్నాను. ఇక కదల్లేదు.

'కోబ్రా కాయ్' సిరీస్, 2025 సినిమా చూడొచ్చా?

'కోబ్రా కాయ్' తప్పకుండా చూడండి. 2018 నుంచి 2025 వరకూ ఆరు సీజన్లు వచ్చాయి. పాత సినిమాలో డేనియల్‌కు శత్రువైన కోబ్రా కాయ్ కుర్రాడు జానీని మధ్యవయసులో ఓడిపోయిన మనిషిగా చూపించి కథను అవతలి వైపు నుంచి మొదలుపెట్టారు. పాతదాన్ని గౌరవిస్తూ కొత్తది చెప్పొచ్చని దాంతో తెలుస్తుంది.

2025లో వచ్చిన 'కరాటే కిడ్: లెజెండ్స్'లో మాచియో, జాకీ చాన్ ఇద్దరూ ఉన్నారు. రెండు కథలనూ ఒక వంశంగా కలిపారు, పదిహేనేళ్ల క్రితం చేయాల్సిన పని అది. గంటన్నరలో పరుగెత్తించేశారు, ఏదీ నిలవదు.

రీమేక్‌లో ఒక్క సీన్ దాచుకోమంటే?

కారు బద్దలు కొట్టిన రాత్రి. హాన్ ఆ శిథిలంలో కూర్చుని ఏడుస్తుంటాడు. డ్రేకు ఏమనాలో తెలియదు, ఏమీ అనడు. సాధనకు వాడే కర్రలు తెచ్చి ఆయన చేతికి తగిలించి, చెయ్యి పట్టి బయటికి లాగుతాడు. అంతవరకూ గురువు నడిపిన చేతుల్ని ఇప్పుడు శిష్యుడు నడుపుతాడు. జేమ్స్ హార్నర్ సంగీతం తప్ప మాట లేదు. ఇద్దరి నీడలూ గోడ మీద కలిసి కదులుతుంటాయి. ఆ రెండు నిమిషాల కోసం నేను ఈ సినిమా నాలుగుసార్లు చూశాను.